ఫ్లోరైడు నివారణ పరిశోధనలు – ఒక విమర్శ

నల్లగొండ అను పేరు ప్రపంచమందలి నీటి ఇంజనీర్లకు రెండు విధముల పరిచితము. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో ఈ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించెను. దానితో నల్లగొండ పేరు వైద్యగ్రంథములకెక్కెను. తరువాత ఇరువది యేండ్లకు, 1975లో, నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రజ్ఞులు పటికతోను సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతి నొకదానిని ప్రకటించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరిడిరి. వ్యాధికిని, దాని నివారణోపాయమునకును ఒకే ఊరి పేరు వచ్చుట అరుదు.

నాటినుండి నేటివరకు ఫ్లోరైడు తొలగింపును గూర్చి వెలువడిన పరిశోధన వ్యాసములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. ఉత్తేజిత అల్యూమినా, ఎముకల బొగ్గు, ఊకబూడిద, చింతగింజల పొడి, మునగగింజలు, ఎర్రరాతి మన్ను, విద్యుత్కేంద్రముల బూడిద, ఇటీవల నానో కణములు, గ్రాఫీను – మన శాస్త్రజ్ఞులు ప్రయత్నింపని పదార్థము లేదనియే చెప్పవచ్చును. ప్రతి వ్యాసము చివరను ‘ఈ పదార్థము ఫ్లోరైడును సమర్థముగా తొలగించును’ అను వాక్యము కనిపించును. ఇన్ని సమర్థమైన పదార్థములుండగా గ్రామములందు ఇన్ని వంగిన కాళ్లు ఎందులకుండెను? ఈ ప్రశ్నను అడుగక ఆ పరిశోధనలను మెచ్చుకొనుట మర్యాద కావచ్చును గాని విమర్శ కాజాలదు. ఆ ఫలితములను ఏ తక్కెడలో తూచవలెను అనునదియే ఈ వ్యాసమునందలి విషయము.

వ్యాధి – దాని రసాయనము

పండ్లపై మచ్చలకు నీటిలోని ఫ్లోరైడు కారణమని 1931లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన దేశమున మనుష్యుల ఎముకలకు సోకు ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, ఆయన సహచరులు వర్ణించిరి. వారు పరిశీలించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు ఫ్లోరోసిస్ గల ప్రాంతములలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగుటను, ఎముకలు గుల్లబారుటను లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. అనగా ఈ వ్యాధి చరిత్రలో తెలుగు దేశమునకు మొదటి పుటలందే స్థానము గలదు.

మన పీఠభూమిలోని నల్లసేనపురాళ్లలో (గ్రానైటులలో) ఫ్లోరైటు, అభ్రకము, అపటైటు అను ఖనిజములుండును. వాననీరు భూమిలోనికింకి రాతి పగుళ్లలో చిరకాలము నిలిచినపుడు ఈ ఖనిజములనుండి ఫ్లోరైడు దానిలోనికి దిగును. నీటిలో కాల్షియము తగినంత యున్నచో అది ఫ్లోరైడును అదుపులో నుంచును. ఏలయన కాల్షియము ఫ్లోరైడు నీటిలో మిక్కిలి తక్కువగా కరగును. కాని సోడియము బైకార్బొనేటు అధికముగా గల నీటిలో కాల్షియము సుద్దగా మారి విడిపోవును. అదుపు తొలగిన ఫ్లోరైడు పెరుగును. అందువలన కఠినత్వము తక్కువగానుండి, పప్పు బాగుగా ఉడుకు నీటిలోనే ఒక్కొక్కచోట ఫ్లోరైడు ఎక్కువగా నుండును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము 1 మిల్లీగ్రాము అంగీకార్యము. వేరు నీటివసతి లేనిచోట మాత్రమే 1.5 వరకు అనుమతింపవచ్చును. ఈ రెండు అంకెలను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు చెప్పబోవు తూకమునకు ఇవియే రాళ్లు.

నల్లగొండ పద్ధతి: గుణదోషములు

ఈ పద్ధతి మూలము సులభము. నీటిలో ముందుగా కొంచెము సున్నమును, క్రిములకై బ్లీచింగు పౌడరును, తరువాత పటికను కలిపి మొదట వేగముగాను, పిదప మెల్లగాను త్రిప్పుదురు. పటిక నీటిలోని క్షారత్వముతో కలిసి తెల్లని జిగురువంటి అల్యూమినియము హైడ్రాక్సైడు తుట్టెలుగా మారును. ఫ్లోరైడులో అధికభాగము ఆ తుట్టెలకు అంటుకొని అడుగునకు దిగును. పైనున్న తేటను గుడ్డలో గాని ఇసుకలో గాని వడపోసి వాడుకొందురు.

దీని గొప్పతనమును తగ్గించి చెప్పుట అన్యాయము. సున్నము, పటిక మన సంతలో దొరకు వస్తువులు. బురదనీటిని పటికతో తేర్చుట మన ఇల్లాండ్రకు తరతరములుగా తెలిసిన పని. విదేశీ యంత్రములను దిగుమతి చేయక, ఇంట బిందెలోను ఊరి తొట్టిలోను ఒకే రసాయనమును నడపవచ్చునని చూపిన మొదటి పద్ధతి ఇది. ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములు సైతము దీనిని తీసికొని పరీక్షించినవి. సున్నమొక్కటియే వేసినచో కాల్షియము ఫ్లోరైడు కరగు పరిమితిని బట్టి లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడు నిలిచిపోవును. పటికను తోడు చేసికొని ఆ గోడను దాటుట నిజమైన రసాయన ప్రజ్ఞ.

ఇక జమాఖర్చులోని రెండవ పుటను చూతము. ఒక బావినీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల పటిక పట్టుననుకొందము. ఇంత మోతాదు ఈ పద్ధతిలో అసాధారణము కాదు. పటికలో 18 అణువుల స్ఫటికజలమున్నదని లెక్కించినచో, దాని బరువులో నూటికి 43 పాళ్లు సల్ఫేటు. అనగా ప్రతి లీటరులోను సుమారు 216 మిల్లీగ్రాముల సల్ఫేటును మనమే కలుపుచున్నాము. త్రాగునీటిలో సల్ఫేటునకు అంగీకార్యమైన పరిమితి 200. ఆ బావిలో ముందే కొంత సల్ఫేటు ఉండును గదా! అదే పటిక లీటరులోని క్షారత్వమును 225 మిల్లీగ్రాముల మేరకు హరించును. క్షారత్వము చాలని నీరైనచో పుల్లబడును. పుల్లబడిన నీటిలో అల్యూమినియము కరగి నిలుచును. సున్నము మితిమీరినను అది మరల కరగును. అల్యూమినియమునకు మన ప్రమాణములోని అంగీకార్య పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాము మాత్రమే. గత్యంతరము లేనిచోట 0.2.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరియొకటి గలదు. ఫ్లోరైడునకు అల్యూమినియముపై మక్కువ ఎక్కువ. తుట్టెలకు అంటుకొనిన ఫ్లోరైడు అడుగునకు దిగును గాని, కరగిన అల్యూమినియముతో జతకట్టిన ఫ్లోరైడు తేటలోనే నిలిచి మన పొట్టలోనికి చేరును. ఫ్లోరైడును కొలుచుటకు వాడు విద్యుద్ధ్రువము స్వేచ్ఛగా నున్న అయానులనే గుర్తించును. జతను విడదీయు ద్రావణమును తగినంతగా కలుపక కొలిచినచో, నీటిలోనే దాగియున్న ఫ్లోరైడు తొలగిపోయినట్లు కనిపించును. అందువలన పటికతోగాని ఇతర అల్యూమినియము పదార్థములతోగాని చేసిన పరిశోధనను చదువునపుడు, కొలత ఎట్లు చేసిరి, మిగిలిన అల్యూమినియము ఎంత అను రెండు వివరములు లేనిచో దాని ఫలితమును నమ్ముట కష్టము. చాలా వ్యాసములలో రెండవ వివరము కనబడదు.

శాతముల మాయ

ఏటేట మా కళాశాల విద్యార్థులు కొందరు ప్రాజెక్టు నివేదికలలో ‘నూటికి 95 వంతుల ఫ్లోరైడు తొలగినది’ అని వ్రాసికొని సంతోషముతో నాయొద్దకు వత్తురు. వారిని నేనడుగు మొదటి ప్రశ్న: మిగిలినది ఎంత? ఇది పిల్లల లోపము కాదు. వారు చదివిన వ్యాసములలో శాతమునకే పెద్దపీట.

లీటరుకు 50 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల ద్రావణమునుండి నూటికి 90 వంతులు తొలగించిన పదార్థము 5 మిల్లీగ్రాములను మిగుల్చును. అది పరిమితికి మూడు రెట్లకు మించినది. ఆ నీరు త్రాగిన ఊరు వికలాంగమగును. 2 మిల్లీగ్రాములు గల నీటినుండి నూటికి 60 వంతులే తొలగించిన పదార్థము 0.8ని మిగుల్చును. ఆ నీరు త్రాగవచ్చును. శాతమును బట్టి మొదటిదానికి ప్రథమ బహుమతి, పిల్లవాని ఎముకను బట్టి రెండవదానికి.

అధిశోషణ సామర్థ్యము అను అంకె గూడ ఇట్టిదే. ఒక గ్రాము పదార్థము ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడును పట్టుకొనగలదో అది తెలుపును. అయితే ఈ సామర్థ్యము స్థిరమైనది కాదు. చుట్టునున్న నీటిలో ఫ్లోరైడు ఎంత మిగిలియున్నదను దానిపై ఆధారపడును. లాంగ్ మ్యూర్ సమీకరణముననుసరించు ఒక పదార్థమును ఊహింతము. దాని గరిష్ఠ సామర్థ్యము గ్రాముకు 10 మిల్లీగ్రాములు, ఆకర్షణ స్థిరాంకము 0.05 అనుకొందము. నీటిలో 100 మిల్లీగ్రాములు మిగిలియున్నపుడు అది గ్రాముకు 8.3 మిల్లీగ్రాములను పట్టుకొనును. నీటిలో 1 మిల్లీగ్రాము మిగులవలెనన్నచో, అదే గ్రాము పట్టుకొనునది 0.48 మిల్లీగ్రాము మాత్రమే. వ్యాసము శీర్షికలోనికెక్కునది 10. ఇంటిలో ఉపయోగపడునది 0.48.

ఈ అంకెను కాపురములోనికి తెచ్చి చూతము. ఐదుగురు గల కుటుంబమునకు త్రాగుటకును వంటకును దినమునకు 20 లీటర్ల నీరు కావలెననుకొందము. బావినీటిలో 4 మిల్లీగ్రాములున్నవి, 1కి దింపవలెను. లీటరుకు 3 చొప్పున 20 లీటర్లలో 60 మిల్లీగ్రాములు తీసివేయవలెను. పైన ఊహించిన పదార్థము దినమునకు సుమారు 126 గ్రాములు ఖర్చగును; సంవత్సరమునకు 46 కిలోలు. పునరుద్ధరింపబడని పదార్థమైనచో ఒక కుటుంబము ఏటికి బియ్యపు బస్తాను మించిన పొడిని కొనవలెను. తరువాత ఫ్లోరైడు నిండిన అంత పొడిని ఎక్కడనో పారవేయవలెను. వంద ఇండ్ల ఊరికి అది ఏటికి 4,600 కిలోలు. ఈ కూడికలు, గుణకారములు హైస్కూలు విద్యార్థి చేయగలవి. అవి పరిశోధన వ్యాసములలో ఎందుకుండవో నాకు బోధపడదు.

స్వేదనజలములోని విజయము

పరిశోధకుడు సాధారణముగా స్వేదనజలములో సోడియము ఫ్లోరైడును కరగించి ప్రయోగము చేయును. పి.హెచ్.ను 5, 6 ప్రాంతమునకు దింపును. ఉత్తేజిత అల్యూమినా పి.హెచ్. 5.5 దగ్గర మిక్కిలి చురుకుగా పనిచేయును. కాని మన గ్రానైటు ప్రాంతపు బోరునీటి పి.హెచ్. సాధారణముగా 7కు పైనే యుండును. బైకార్బొనేటు లీటరుకు వందల మిల్లీగ్రాములుండును. వీనికితోడు సిలికా, సల్ఫేటు, ఫాస్ఫేటు. ఇవన్నియు అల్యూమినా మీద చోటుకొరకు ఫ్లోరైడుతో పోటీపడును. ఖాళీ రైలుపెట్టెలో చోటు దొరికినదని మురిసిన ప్రయాణికుడు జాతరనాడు ఎక్కి చూచినట్లుండును వ్యవహారము.

పరిశోధకులు చెప్పు సమాధానమును గూడ వినవలెను. ‘ఏ శక్తి ఎంత పనిచేయుచున్నదో తెలియవలెనన్నచో మొదట శుద్ధజలములోనే పరీక్షింపవలెను, అన్నిటిని ఒకేసారి కలిపినచో కారణము తెలియదు’ అని వారందురు. ఇది న్యాయమైన మాట. మూలకారణమును వేరుచేసి చూచుట శాస్త్రపద్ధతికి ప్రాణము. నా ఆక్షేపణ మొదటి మెట్టు ఎక్కుటను గూర్చి కాదు, అచటనే కూర్చుండుటను గూర్చి. స్వేదనజలములోని ఫలితము ప్రకటింపబడును, పట్టము లభించును, తరువాతి పరిశోధకుడు మరియొక పొడితో మరల స్వేదనజలమునొద్దనే ప్రారంభించును. మొదటి పొడిని నిజమైన బావినీటిలో నెలలపాటు నడపి చూచుట క్రొత్త విషయము క్రిందికి రాదట! క్రొత్తదనమునకే విలువ కట్టు పత్రికలు, పదోన్నతులు ఇందులో భాగస్వాములు.

నీరు తేటగానే యుండును

ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, మన గ్రామములలో కనిపించు పరిమాణములలో రుచియు తెలియదు. బురద వడపోత చెడినచో కంటికి తెలియును. ఫ్లోరైడు వడపోత నిండిపోయినపుడు సైతము నీరు పూర్వమువలెనే తేటగా దిగుచుండును. ఆ దినమునుండి కుటుంబము ఫ్లోరైడునే త్రాగుచు, శుద్ధజలము త్రాగుచున్నామని నమ్మును. అందువలన ‘ఎంత తొలగించును’ అను ప్రశ్నకంటె ‘ఎప్పుడు ఆగిపోయినదో ఎట్లు తెలియును’ అను ప్రశ్న ప్రధానమైనది. దీనికి సమాధానము చెప్పని పరికరమును ఇంటింటికి పంచుట ప్రమాదకరము.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున బార్ట్‌లెట్ అను చిన్న ఊరిలో 1952లోనే ఉత్తేజిత అల్యూమినాతో ఊరంతటి నీటిని శుద్ధిచేసిరి. ఆ నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడుండెడిది. పదార్థము నిండగనే క్షారముతో కడిగి, ఆమ్లముతో సరిచేసి, మరల వాడిరి. అచట విజయము అల్యూమినాది మాత్రమే కాదు, నీటిని కొలుచుచు, సమయమునకు కడుగుచుండిన పనివానిది గూడ. మన దేశమున యూనిసెఫ్ సహాయముతో రాజస్థాన్ మొదలగుచోట్ల గృహయంత్రములలో ఇదే అల్యూమినాను వాడి చూచిరి. రసాయనము మారలేదు; కాని కడుగు పని ఊరి ఇల్లాలిపై బడినది. క్షారమును ఎవరు తెచ్చుట, ఎక్కడ కడుగుట, కడిగిన విషజలమును ఎక్కడ పోయుట? ఊరి బయట గుంటలో పోసిన ఫ్లోరైడు వానకు మరల బావికే చేరగలదు. రివర్స్ ఆస్మాసిస్ యంత్రములను గూర్చియు ఇదే ప్రశ్న: శుద్ధజలము ఒక గొట్టమున వచ్చుచుండగా రెండవ గొట్టమున వచ్చు, అన్ని లవణములు చిక్కబడిన నీరు ఎక్కడికి పోవుచున్నది? ఎముకల బొగ్గు మంచి పదార్థమే. కెన్యాలో వాడుకలోనికి వచ్చినది. మన ఇండ్లలో ఎందరు దానిని నీళ్లబిందెలోనికి రానిత్తురు? వాడువాని ఆచారము, తీరిక, ఖర్చు గూడ ప్రయోగములోని చలరాశులే. వానిని సున్న అని భావించి సాధించిన సమీకరణము పరీక్షలో నెగ్గవచ్చును, వంటింటిలో నెగ్గదు.

నదీజలములు వచ్చిన పిమ్మట

ఫ్లోరైడు గ్రామములకు నదీజలములను కొనితెచ్చుట అన్నిటికంటె మేలైన ఉపాయమని ఇంజనీర్లు చాలకాలముగా చెప్పుచునేయున్నారు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఆ మార్గమునే అనుసరించి, శుద్ధిచేసిన నదీజలములను గొట్టముల ద్వారా పల్లెలకు చేర్చినది. అట్లయిన ఈ పరిశోధనలన్నియు ఇక అనవసరములా? కావు. గొట్టము పగిలిన దినమున, పొలములో పని చేయు వేళ, మనుష్యులు మరల దగ్గరనున్న బోరునే ఆశ్రయింతురు. గొట్టములు చేరని పల్లెలు మన దేశమునను, తూర్పు ఆఫ్రికాలోని చీలిక లోయ దేశములందును ఉన్నవి. మరియు ఆర్సెనికు, నైట్రేటు, యురేనియము మొదలగు ఇతర కల్మషములను గూర్చిన పరిశోధనలు సైతము ఇదే శాతముల త్రోవలో నడచుచున్నవి. ఫ్లోరైడు నేర్పిన పాఠము వానికిని వర్తించును.

మరియొక హెచ్చరిక సామాన్య పాఠకులకు. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గుటచే దాని పాలు పెరుగును. సాధారణమైన కొవ్వొత్తి వడపోతలు గాని, మామూలు బొగ్గు గాని దీనిని చెప్పుకోదగినంత తొలగింపవు.

పరిశోధన వ్యాసములను పరిశీలించువారు, పట్టములకై వచ్చు సిద్ధాంతగ్రంథములను దిద్దువారు, విద్యార్థులకు ప్రాజెక్టులిచ్చు మావంటి ఉపాధ్యాయులు ఇకమీద మొదటి పుటలోనే ఈ అంకెలను అడుగుదురుగాక: ప్రయోగించిన నీరు ఏ ఊరి బావిది? అందలి పి.హెచ్., బైకార్బొనేటు ఎంత? చివరకు మిగిలిన ఫ్లోరైడు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? నీటిలోనికి క్రొత్తగా చేరినదేమి? 1 మిల్లీగ్రాము మిగిలినపుడు గ్రాము పదార్థము పట్టుకొనినది ఎంత? ఇరువది లీటర్లకు దినమునకు ఖర్చెంత? నిండిన సంగతి ఎట్లు తెలియును? వ్యర్థము ఎక్కడికి పోవును? ఈ ఎనిమిదింటికి సమాధానములున్న వ్యాసము, శాతము తక్కువైనను, ఒక ఊరికి పనికివచ్చును.

ఇందు తొందర ఎందులకనగా, శాశ్వతదంతముల పైపూత శిశువు పుట్టిన కొలదికాలమునుండి సుమారు ఎనిమిదేండ్లలోపల ఏర్పడును. ఆ యేండ్లలో త్రాగిన నీటి చరిత్ర దానిలో వ్రాయబడును. తరువాత ఏ వడపోతయు దానిని చెరుపలేదు. వంగిన ఎముకయు మందులతో తిన్నబడదు. ప్రయోగశాలలో మనము మరియొక పొడితో మొదటి మెట్టునుండి ప్రారంభించినపుడు మనకు పోవునది రెండు మూడేండ్లు. ఆ రెండు మూడేండ్లే ఊరిలోని శిశువునకు పండ్లు ఏర్పడు కాలము.